గెట్టు చెదరని పంపకం: డేటాబేస్ క్లస్టర్లలో వాటాల లెక్క

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది. పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాయి. ఉయ్యూరు కొత్త రెవెన్యూ డివిజన్‌కు కేంద్రమైంది. ఆ రోజు అక్కడి పుల్లేరు కాలువ దారి మార్చుకోలేదు. ఏ చేనూ అంగుళం జరగలేదు. ఏ ఊరి కాగితాలు ఏ కార్యాలయం చూడాలన్న జాబితా ఒక్కటే మారింది.

ఒక యంత్రంలో పట్టనంత డేటా పోగైనప్పుడు ఎదురయ్యే చిక్కు కూడా సరిగ్గా ఇలాంటి జాబితా చుట్టూనే తిరుగుతుంది. డేటాను వాటాలుగా కోసి పలు యంత్రాల మీద పెడతారు. వాటాను పార్టిషన్ అంటారు, యంత్రాన్ని నోడ్ అంటారు, నోడ్ల గుంపును క్లస్టర్ అంటారు. ఏ వాటా ఏ నోడ్ దగ్గర ఉండాలి? ఒక నోడ్ పడిపోతే దాని వాటాలు ఎవరు మొయ్యాలి? కొత్త నోడ్ వస్తే ఎవరి దగ్గర తీసి దానికివ్వాలి? దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ఈ ప్రశ్నలకు జవాబులు వస్తూనే ఉన్నాయి. వాటిని ఒక వరసలో పెట్టి ఏది నిలిచిందో, ఎందుకు నిలిచిందో చూడడమే ఈ వ్యాసం పని.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రికార్డు ఏ వాటాలో పడుతుందన్నది ఒక ప్రశ్న. ఆ వాటా ఇవాళ ఎవరి చేతిలో ఉందన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ విడదీసి ఉంచడమే ఈ రంగం ఇన్నేళ్ళలో నేర్చుకున్న పెద్ద పాఠం. మన పొలాల లెక్క కూడా అదే. సర్వే నంబరు నేలకు అంటిపెట్టుకుని ఉంటుంది, పట్టాదారు మారుతుంటాడు. చేను అమ్మినప్పుడల్లా గెట్లు చెరిపి ఊరంతా మళ్ళీ కొలిచే పనైతే ఏ ఊరూ బతకలేదు.

పిన్‌కోడ్ కోత, ఆధార్ కోత

డేటాను కోయడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మన జేబులోని రెండు నంబర్లతోనే ఆ తేడా చెప్పవచ్చు.

ఉయ్యూరు పిన్‌కోడ్ 521165. 1972 ఆగస్టు 15న దేశంలో పిన్‌కోడ్ పద్ధతి మొదలైంది. ఎడమ నుంచి చదువుతూ పోతే ప్రాంతం, ఉప ప్రాంతం, సార్టింగ్ జిల్లా, చివరికి తపాలా కార్యాలయం తేలతాయి. నంబరు చూస్తే చోటు తెలుస్తుంది. డేటాబేసులో దీనికి సాటి వరస కోత: రికార్డులను గుర్తించే కీలను వరసగా పేర్చి, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఒక వాటా అని గెట్టు వేయడం. గూగుల్ 2006లో వివరించిన బిగ్‌టేబుల్ ఈ దారిలో నడిచింది. అందులో ఒక్కో వాటా పరిమాణం 100 నుంచి 200 మెగాబైట్లు. హెచ్‌బేస్, స్పానర్, కాక్రోచ్‌డీబీ అదే బాటలో వచ్చాయి. వాటా బాగా పెరిగితే రెండుగా చీలుతుంది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినట్టు. ఒక తేదీ నుంచి ఇంకో తేదీ దాకా ఉన్న రసీదులన్నీ కావాలంటే వరస కోతలో పని సులువు, అవన్నీ పక్కపక్కనే ఉంటాయి. దీని బలహీనతా అక్కడే ఉంది. రసీదు నంబరు ఎప్పుడూ పెరుగుతూనే పోతుంది కాబట్టి కొత్త రాతలన్నీ చివరి వాటా మీదే పడతాయి. పది నోడ్లుండి తొమ్మిది ఖాళీగా కూర్చుంటాయి, ఒక్కటే చెమటోడుస్తుంది.

ఆధార్ నంబరు దీనికి పూర్తిగా వేరు. పన్నెండు అంకెలున్నా అందులో ఊరు లేదు, వయసు లేదు, కులం లేదు. అంకెలు యాదృచ్ఛికంగా వస్తాయి, చివరి అంకె తప్పు పట్టుకోవడానికి. తండ్రి నంబరు తెలిసినంత మాత్రాన కొడుకు నంబరు చెప్పలేం. డేటాబేసులో దీనికి సాటి హ్యాష్ కోత: ఏ కీ ఇచ్చినా ఒక సూత్రంలో వేసి, వరసకు సంబంధం లేని సంఖ్యగా మార్చి, ఆ సంఖ్యను బట్టి వాటా నిర్ణయించడం. భారం సమంగా పరుచుకుంటుంది. కానీ పక్కపక్కన ఉండాల్సిన రికార్డులు చెల్లాచెదురవుతాయి. ఒక నెల రసీదులు కావాలంటే నోడ్లన్నిటినీ అడగాలి.

రెంటిలో ఏది మెరుగు అన్న వాదనకు అర్థం లేదు. మీ ప్రశ్నలు వరసను కోరితే వరస కోత, ఒక్కొక్క రికార్డునే కోరితే హ్యాష్ కోత. చాలా వ్యవస్థలు రెంటినీ కలిపి వాడతాయి. కాసాండ్రాలో కీలో మొదటి భాగం హ్యాష్ అయి నోడ్‌ను తేలుస్తుంది, రెండో భాగం ఆ వాటా లోపల వరసను నిలుపుతుంది.

శేషం లెక్క ఎందుకు నిలవలేదు

హ్యాష్ సంఖ్య వచ్చాక నోడ్‌ను ఎంచుకోవడానికి అందరికీ మొదట తట్టేది భాగహారం. నాలుగు నోడ్లుంటే నాలుగుతో భాగించి శేషం చూస్తే సరిపోతుంది. ఐదో నోడ్ వచ్చిన రోజున ఈ లెక్క కూలుతుంది. నాలుగుతో భాగించినా ఐదుతో భాగించినా ఒకే శేషం వచ్చేవి ఇరవైలో నాలుగే. అంటే 80 శాతం రికార్డులు ఇల్లు మారాలి. న్యాయంగా కొత్త నోడ్‌కు కావలసింది ఐదో వంతు, 20 శాతం.

ఈ వృథాకు 1990ల మధ్యలో రెండు మందులు వచ్చాయి. 1996లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో థేలర్, రవిశంకర్ రాండెవూ హ్యాషింగ్ ప్రతిపాదించారు. కీని ప్రతి నోడ్ పేరుతోనూ కలిపి హ్యాష్ చేసి, ఎవరికి ఎక్కువ మార్కు వస్తే వాటా వారిది. ఒక నోడ్ పోతే దాని వాటాలు మాత్రమే రెండో మార్కు వచ్చినవారికి వెళ్తాయి, మిగతావి కదలవు. 1997లో ఎంఐటీలో డేవిడ్ కార్గర్ బృందం కన్సిస్టెంట్ హ్యాషింగ్ ప్రకటించింది. హ్యాష్ సంఖ్యలను ఒక వలయంగా ఊహించి, నోడ్లనూ కీలనూ ఆ వలయం మీదే ఉంచి, కీ నుంచి ముందుకు వెళ్తే తగిలే మొదటి నోడ్‌కు వాటా ఇస్తారు. ఆ బృందంలోని లైటన్, లూయిన్ 1998లో ప్రారంభించిన అకమై సంస్థ వెబ్ పేజీల పంపిణీలో ఈ ఆలోచనను పెద్ద ఎత్తున వాడింది.

డేటాబేసుల్లోకి ఈ వలయాన్ని ఘనంగా తెచ్చింది 2007 నాటి అమెజాన్ డైనమో పత్రం. మరుసటి ఏడు ఫేస్‌బుక్ బయటపెట్టిన కాసాండ్రా అదే అచ్చులో వచ్చింది. అయితే వలయం మీద నాలుగైదు నోడ్లే ఉంటే మధ్య దూరాలు సమంగా రావు. ఒకరికి పెద్ద కమతం, ఇంకొకరికి చిన్న మడి పడుతుంది. అందుకని ఒక్కో నోడ్‌ను వలయం మీద అనేక చోట్ల నిలబెట్టారు. 2013లో వచ్చిన కాసాండ్రా 1.2లో ఒక్కో నోడ్‌కు 256 చోట్లు ఇవ్వడం మామూలు పద్ధతి అయింది. తర్వాత దాని నష్టం తెలిసింది. ఒక్కో వాటాకు నకళ్ళు పలు నోడ్ల మీద ఉంటాయి కాబట్టి, చోట్లు ఎక్కువైన కొద్దీ ప్రతి నోడ్‌కూ ప్రతి నోడ్‌తోనూ ఉమ్మడి వాటాలు ఏర్పడతాయి. ఏ రెండు పడిపోయినా ఎవరిదో ఒకరి డేటా అందకుండా పోతుంది. నకళ్ళు సరిచూసే పనికీ ఎక్కువ సమయం పడుతుంది. 2021 నాటి 4.0లో ఆ సంఖ్యను 16కు తగ్గించారు.

సర్వే నంబర్ల దారి

వలయం కంటే సాదా దారి ఒకటుంది. ముందే డేటాను పెద్ద సంఖ్యలో చిన్న వాటాలుగా కోసెయ్యడం, ఆ కోతను మళ్ళీ ముట్టుకోకపోవడం, ఏ వాటా ఎవరిదో రాసుకున్న చిన్న పట్టికను మాత్రం మారుస్తూ పోవడం. రెడిస్ క్లస్టర్‌లో 16,384 స్లాట్లు. కౌచ్‌బేస్‌లో సంప్రదాయంగా 1,024 వీబకెట్లు. ఇగ్నైట్‌లో మామూలుగా 1,024, హేజల్‌కాస్ట్‌లో 271. రికార్డు ఏ స్లాటులో పడుతుందో సూత్రం చెబుతుంది, ఆ జవాబు ఎన్నటికీ మారదు. స్లాటు ఎవరి దగ్గరుందో పట్టిక చెబుతుంది, అది రోజూ మారవచ్చు.

రెడిస్‌లో 16,384 అన్న అంకె పెట్టడానికి కారణం చెబితే ఇంజనీరింగ్ అంటే ఎంత పొదుపో తెలుస్తుంది. నోడ్లు తమ క్షేమసమాచారం ఒకదానికొకటి పంపుకునేటప్పుడు తమ దగ్గరున్న స్లాట్ల జాబితా కూడా జతచేస్తాయి. ఒక్కో స్లాటుకు ఒక్కో బిట్ చొప్పున ఆ జాబితా 2 కిలోబైట్లలో ఇమిడిపోతుంది. 65,536 పెడితే 8 కిలోబైట్లు అవుతుంది. కబురు కంటే కబురు మోసే సంచి బరువెక్కుతుంది.

వలయానికి పేరు తెచ్చిన డైనమో పత్రమే ఈ దారికి సాక్ష్యం పలకడం గమనించాలి. అమెజాన్ ఇంజనీర్లు మూడు వ్యూహాలు పోల్చి చూశారు. నోడ్‌కు వలయం మీద చోట్లు లాటరీలో పడినట్టు ఇచ్చిన మొదటి వ్యూహం కంటే, వలయాన్ని ముందే సమాన వాటాలుగా కోసి పంచిన మూడో వ్యూహం భారాన్ని బాగా సర్దింది. ప్రతి నోడ్ గుర్తుంచుకోవాల్సిన జాబితా సుమారు వెయ్యి రెట్లు చిన్నదైంది. వాటా అంటే ఏమిటో, వాటా ఎవరిదో విడదీయడం వల్ల వచ్చిన లాభం ఇది.

ఈ దారికీ ఒక ఖరీదుంది. మొదటి రోజు ఎన్ని వాటాలు అనుకుంటే అన్నిటితోనే బతకాలి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఇండెక్స్ తయారు చేశాక ప్రైమరీ షార్డుల (అంటే మూల వాటాల) సంఖ్యను అక్కడికక్కడ మార్చలేం, కొత్త ఇండెక్స్‌లోకి నింపుకోవాలి. కాఫ్కాలో వాటాలు పెంచితే నిన్నటి దాకా మూడో వాటాలో పడిన ఖాతా రేపు ఏడో వాటాలో పడవచ్చు, ఆ ఖాతా లావాదేవీల వరస తెగిపోతుంది. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే దీనికి దగ్గరి పోలిక. అది పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో కొత్త ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చాయి. ఏ పాత నంబరు ఏ కొత్త నంబరయిందో చెప్పే పట్టిక లేకుండా పాత దస్తావేజుకు అర్థం చెప్పలేం. కోత మార్చడం అసాధ్యమేమీ కాదు. కానీ చేతులు మార్చడం కంటే అది ఎన్నో రెట్లు బరువైన పని. కాబట్టి తొలిరోజే నేటి అవసరం కంటే బాగా ఎక్కువ వాటాలు కోసి పెట్టుకోవాలి.

పట్టిక ఎవరి దగ్గర ఉండాలి

వాటా కంటే విలువైనది వాటాల పట్టిక. అది తప్పితే డేటా భద్రంగా ఉన్నా దొరకదు.

పట్టికను నిలపడంలో రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి ఊసుపోక కబుర్లలాంటిది, దాన్ని గాసిప్ అంటారు. ప్రతి నోడ్ తనకు తెలిసినది మరికొందరికి చెబుతుంది, వారు ఇంకొందరికి. కాసేపటికి అందరికీ చేరుతుంది. డైనమో, కాసాండ్రా, రెడిస్ ఈ దారి పట్టాయి. మధ్యలో పెద్ద అంటూ ఎవరూ లేరు కాబట్టి పడిపోయే పెద్ద కూడా లేడు. కానీ ఆ కాసేపట్లో ఇద్దరు ఒకే వాటాను తమదే అనుకునే అవకాశం ఉంది. రెండోది పెద్దమనుషుల పంచాయతీ లాంటిది. మూడో ఐదో నోడ్లు పట్టికను కాపాడతాయి, సగం కంటే ఎక్కువ మంది ఒప్పుకుంటేనే మార్పు చెల్లుతుంది. లామ్‌పోర్ట్ పాక్సోస్ ఈ ఒప్పందానికి పునాది వేసింది. 2014లో ఆంగారో, ఔస్టర్‌హౌట్ రాఫ్ట్ పేరుతో దాన్నే సులువుగా అర్థమయ్యేలా చెప్పారు. బిగ్‌టేబుల్‌కు చబ్బీ, హెచ్‌బేస్‌కు జూకీపర్, మాంగోడీబీకి కాన్ఫిగ్ సర్వర్లు ఈ కోవలోవే.

గత కొన్నేళ్ళ గాలి రెండో వైపే వీస్తోంది. స్కిల్లాడీబీ 2024లో 6.0తో టాబ్లెట్లను (పట్టికను బట్టి నోడ్లకు పంచే చిన్న వాటాలను) మామూలు పద్ధతి చేసి, క్లస్టర్ రూపురేఖలను రాఫ్ట్ చేతికిచ్చింది. కాఫ్కా 2025లో 4.0తో జూకీపర్‌ను పూర్తిగా వదిలి, రాఫ్ట్‌కు దగ్గరైన సొంత ఒప్పంద పద్ధతికి మారింది. గాసిప్‌ను ఇంటిపేరు చేసుకున్న కాసాండ్రా కూడా సభ్యత్వ వివరాలను లావాదేవీల పద్ధతిలో రాసే మార్గం తయారు చేసుకుంది. నా దృష్టిలో ఇది సరైన మలుపు. ఎవరు బతికున్నారన్న కబురు గాసిప్‌లో తిరగవచ్చు. ఎవరిది ఏ వాటా అన్న తీర్పు మాత్రం పంచాయతీలోనే జరగాలి. ప్రతి తీర్పుకూ పెరుగుతూ పోయే వరస సంఖ్య ఉండాలి. పాత సంఖ్యతో వచ్చిన నోడ్ మాట చెల్లకూడదు.

అయితే పట్టికను ఒక చోట పెడితే దాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలి. 2015 సెప్టెంబరు 20న అమెరికా తూర్పు ప్రాంతంలో అమెజాన్ డైనమోడీబీ సుమారు ఐదు గంటలు తడబడింది. కాసేపు నెట్‌వర్క్ అంతరాయం కలిగింది. ఆ తర్వాత స్టోరేజీ సర్వర్లు తమ వాటాల జాబితా కోసం ఒక్కసారిగా ఆ పట్టికను నిలిపే మెటాడేటా సేవను అడిగాయి. అప్పటికే కొత్తగా వచ్చిన సెకండరీ ఇండెక్స్‌ల వల్ల ఆ జాబితాలు బాగా పెరిగి ఉన్నాయి. ఇచ్చిన గడువులో జవాబు రాలేదు. జవాబు రాని సర్వర్లు తమను తాము పక్కన పెట్టుకుని మళ్ళీ మళ్ళీ అడిగాయి. ఆ అడగడమే సేవను ఇంకా ముంచింది. చివరికి అడిగేవారిని కాసేపు ఆపి, మెటాడేటా సేవ సామర్థ్యం పెంచితే గానీ కుదుటపడలేదు. చిక్కు డేటాలో రాలేదు. ఎవరిది ఏ వాటా అని చెప్పేవారికి ఊపిరాడకపోవడమే ఆ రోజు జరిగింది.

తిరునాళ్ళ రద్దీ

వాటాల సంఖ్య సమంగా ఉన్నంత మాత్రాన భారం సమం కాదు. మాఘమాసంలో పదిహేను రోజుల పాటు ఉయ్యూరులో వీరమ్మ తల్లి తిరునాళ్ళు జరుగుతాయి. చెల్లింపుల డేటాను పిన్‌కోడ్ ప్రకారం కోశారనుకోండి. ఆ పక్షంలో 521165 వాటా ఒక్కటే ఉడికిపోతుంది, చుట్టుపక్కల వాటాలు చల్లగా ఉంటాయి. దీన్నే హాట్ స్పాట్ అంటారు.

2010 అక్టోబరులో ఫోర్‌స్క్వేర్ సేవ ఇలాగే ఆగిపోయింది. మాంగోడీబీ మీద రెండు షార్డులుండేవి. ఒకదానిలో డేటా సుమారు 67 గిగాబైట్లకు చేరింది, ఆ యంత్రం మెమరీ 66. ఆ ఒక్క గిగాబైటు తేడాకు చదవడం, రాయడం డిస్కు మీద పడి నత్తనడక అయ్యాయి. మూడో షార్డు తెచ్చి కొంత డేటా తరలించినా లాభం లేకపోయింది. తీసేసిన రికార్డుల చోటు చెల్లాచెదురు కన్నాలుగా మిగిలింది తప్ప మెమరీ ఖాళీ కాలేదు. సేవ సుమారు 11 గంటలు నిలిచిపోయింది. వరద వచ్చాక గట్టు వేయలేం అన్నదే ఇందులో పాఠం. కొత్త నోడ్ తేవాల్సింది పాతది నిండక ముందు.

మందులు కొన్ని ఉన్నాయి. ప్రతి నోడ్ మీద ఇంతకు మించి భారం పడకూడదని హద్దు పెట్టి, హద్దు దాటితే పక్క నోడ్‌కు మళ్ళించే కన్సిస్టెంట్ హ్యాషింగ్ పద్ధతిని గూగుల్ పరిశోధకులు ఇచ్చారు. గూగుల్ స్లైసర్ (2016) వాటాల వేడిని కొలుస్తూ వాటిని చీల్చి, కలిపి, కదుపుతుంది. కానీ వేడి అంతా ఒక్క కీ మీదే ఉంటే పంపకం ఎంత మార్చినా ఫలితం ఉండదు. ఆ కీ ఏ నోడ్‌కు వెళ్తే ఆ నోడ్ కాలుతుంది. అప్పుడు కీనే పది తోకలు తగిలించి పదిగా చీల్చాలి, లేదా ముందు కాష్ పెట్టాలి. పట్టిక తీర్చలేని చిక్కును డేటా నమూనాలోనే తీర్చాలి.

నకళ్ళు, వరద

ఒక్కో వాటాకు సాధారణంగా మూడు నకళ్ళు ఉంచుతారు. ఎన్ని ఉన్నాయన్న దానికంటే ఎక్కడున్నాయన్నది ముఖ్యం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉంది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వెళ్ళింది. మూడు నకళ్ళూ ఒకే పేటలో ఉంటే అవి మూడు కాదు, ఒక్కటే. అందుకే నేటి వ్యవస్థలు ర్యాకు, భవనం, ప్రాంతం పేర్లు నోడ్లకు తగిలించి, ఒకే ముప్పు కింద రెండు నకళ్ళు పడకుండా పంచుతాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం కూడా ఉంది. నకళ్ళను ఇష్టమొచ్చినట్టు చల్లితే, వేల నోడ్ల క్లస్టర్‌లో ఏ మూడు ఒకేసారి పడిపోయినా ఎవరివో మూడు నకళ్ళూ ఆ మూడింటి మీదే ఉండే అవకాశం ఎక్కువ. 2013లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కాపీసెట్స్ పేరుతో దీనికి జవాబిచ్చారు. నకళ్ళు పంచుకునే జట్లను పరిమితం చేస్తే డేటా పోయే ఘటనలు బాగా అరుదవుతాయి. అయితే అలాంటిది జరిగిన రోజున పోయేది కాస్త ఎక్కువగా ఉంటుంది. ఏ నష్టాన్ని ఎంచుకుంటారో యజమానులు తెలిసి ఎంచుకోవాలి.

కదిలించే వేళ

పట్టికలో ఒక గీత మార్చడం క్షణం పని. ఆ గీత వెనక గిగాబైట్ల డేటా ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి నడవాలి. ఉయ్యూరు రైతుకు ఇది కొత్త సంగతి కాదు. చక్కెర ఫ్యాక్టరీ రోజుకు ఇంతేనని చెరకు ఆడగలదు. అందరూ ఒకే రోజు నరికితే బళ్ళు రోడ్డు మీద బారులు తీరతాయి, నరికిన చెరకు ఎండి రసం తగ్గుతుంది. అందుకే కటింగ్ ఆర్డర్లు వంతుల వారీగా ఇస్తారు. వాటాల తరలింపుకూ వంతులు కావాలి. ఒకేసారి ఎన్ని వాటాలు కదలాలి, సెకనుకు ఎంత డేటా నడవాలి అన్న హద్దులు లేకపోతే తరలింపే రద్దీ అయి, అసలు వాడుకరులకు దారి మూసేస్తుంది.

ఓపిక కూడా కావాలి. నోడ్ జవాబు చెప్పలేదంటే చచ్చిపోయిందని కాదు, నెమ్మదించి ఉండవచ్చు. నోడ్ వెళ్ళిపోయాక ఎలాస్టిక్‌సెర్చ్ మామూలుగా ఒక నిమిషం ఆగి గానీ దాని వాటాల నకళ్ళు వేరే చోట కట్టడం మొదలుపెట్టదు. కాక్రోచ్‌డీబీ ఐదు నిమిషాలు ఆగుతుంది. తొందరపాటుకు ఎంత మూల్యమో 2018 అక్టోబరు 21న గిట్‌హబ్ చూపింది. అమెరికా తూర్పు తీరంలో 43 సెకన్లు నెట్‌వర్క్ తెగింది. ఆ కాస్తలోనే స్వయంచాలక వ్యవస్థ మైఎస్‌క్యూఎల్ పెద్దరికాన్ని, అంటే రాతలు తీసుకునే అధికారాన్ని, పడమటి తీరానికి అప్పగించింది. రెండు తీరాల్లోనూ ఒకరి దగ్గర లేని రాతలు మరొకరి దగ్గర మిగిలాయి. డేటా చెడకుండా సరిచేసుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. పెద్దరికం మారే ముందు పాత పెద్ద చేతిలో కలం తీసుకున్నామని రూఢి చేసుకోవాలి.

తీర్పు

ఈ సమీక్షలో తేలినవి ఐదు మాటలు. ఒక యంత్రం సరిపోయినంత కాలం కోతకే దిగవద్దు. జిల్లా స్థాయి సంస్థల్లో ఎన్నిటికో మంచి సర్వర్ మీద ఒక పోస్ట్‌గ్రెస్, దానికి దూరంగా ఒక నకలు చాలు. కోయక తప్పనప్పుడు మీ ప్రశ్నలను ముందు రాసుకుని, వాటిని బట్టి కీని ఎంచుకోండి. వాటాలను చిన్నవిగా, ఎక్కువగా, చెదరని గెట్లతో కోయండి. ఎవరిది ఏ వాటా అన్న పట్టికను అధిక సంఖ్యాకుల ఒప్పందంతో, వరస సంఖ్యతో నిలపండి. తరలింపును వంతుల వారీగా, ఓపికగా చేయండి.

కానూరు, గంగూరు, గుడ్లవల్లేరు చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులకు ఒక మనవి. ఈ పాఠం పుస్తకంలో చదివితే అంటదు. ఒక మామూలు ల్యాప్‌టాప్ మీద మూడు ప్రధాన నోడ్లు, మూడు నకళ్ళతో రెడిస్ క్లస్టర్ నిలపడానికి గంట చాలు. లక్ష రికార్డులు నింపండి. ఒక నోడ్‌ను ఉన్నపళంగా ఆపేయండి. దాని స్లాట్లు ఎవరి చేతికి వెళ్ళాయో, ఎన్ని సెకన్లు పట్టిందో, ఆ మధ్యలో రాసిన రికార్డుల్లో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రాసుకోండి. తర్వాత కొత్త నోడ్ చేర్చి, స్లాట్లు పంచి, మళ్ళీ లెక్కపెట్టండి. రేపు మీ చేతికి వచ్చేది ఒక ఆసుపత్రి రోగుల డేటా కావచ్చు, ఒక సహకార సంఘం రైతుల ఖాతాలు కావచ్చు. ఆ రోజుకు ముందే ఒక్కసారైనా నోడ్‌ను పడగొట్టి చూసి ఉండండి.